ఇంగ్లీషు వాక్యం అతుకు దగ్గరే విరుగుతుంది: క్లాజుల తప్పులు, కారణాలు, సవరణలు

విశాఖలో ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళు, రుషికొండ ఐటీ పార్కులో కూర్చుని క్లయింట్లకు మెయిళ్ళు రాసేవాళ్ళు, ఐఈఎల్‌టీఎస్ వ్యాసాలు సాధన చేసేవాళ్ళు – వీళ్ళందరి ఇంగ్లీషు రాతలో కొన్ని తప్పులు ఒకేలా కనిపిస్తాయి. మాటలు వచ్చు. టెన్సులు విడివిడిగా అడిగితే తడుముకోకుండా చెప్తారు. రెండు సంగతులు కలిపి ఒకే వాక్యంలో చెప్పాల్సి వచ్చేసరికి వాక్యం కుంటుతుంది.

కారణం తెలుగు వాక్యం కట్టుబాటులో ఉంది. మనకు చాలావరకు వాక్యం మొత్తానికి ఒక్క సమాపక క్రియ చాలు, అదీ చివర్లో వస్తుంది. మిగతా పనులన్నిటినీ ‘వచ్చి’, ‘వస్తే’, ‘వచ్చినా’, ‘వస్తుంటే’, ‘వచ్చిన’ అని క్రియ చివర మార్చి నడిపేస్తాం. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం తక్కువ. అక్కడ క్లాజ్ అంటే సొంత కర్త, కాలం చూపించే సొంత క్రియ రెండూ ఉన్న ముక్క. అలాంటి ముక్క ఇంకొకటి చేర్చాలంటే ఒక అతుకు మాట కావాలి. వెన్, బికాజ్, ఇఫ్, ఆల్దో, దట్, హూ, విచ్, అండ్, బట్ – ఇవన్నీ అతుకులే. మన పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం తెలుగు పద్ధతి ప్రకారం సరైనవే. అందుకే ‘జాగ్రత్తగా రాయి’ అని ఎంత చెప్పినా అవి పోవు. ఏ తెలుగు అలవాటు ఏ తప్పును తెస్తోందో చూపిస్తేనే పోతాయి.

ముందుగా చేయాల్సిన లెక్క

వాక్యం ఏదో తేడాగా ఉంది, ఎక్కడో తెలియడం లేదు. అప్పుడు నియమాలు గుర్తు తెచ్చుకోవడం కంటే పెన్సిల్ తీసుకుని లెక్కపెట్టడం మేలు.

కాలం చూపించే క్రియలన్నిటి కిందా గీత గీయండి. ‘వాజ్ వెయిటింగ్’, ‘హ్యాజ్ బీన్ సెంట్’, ‘విల్ కమ్’ లాంటివి ఎన్ని మాటలున్నా ఒక్క క్రియే. తర్వాత ఒక్కో క్రియ దగ్గర ‘ఎవరు? ఏది?’ అని అడిగి దాని కర్తను చూపించండి. ఆఖరున అతుకులకు సున్నా చుట్టండి. క్రియలు ఎన్ని ఉంటే అతుకులు అంతకు ఒకటి తక్కువ ఉండాలి. సెమీకోలన్‌ను కూడా అతుకుగా లెక్కించండి.

“వెన్ ద ట్రైన్ రీచ్డ్ దువ్వాడ, ఐ కాల్డ్ మై ఫాదర్ బికాజ్ మై బ్యాటరీ వాజ్ లో.” క్రియలు రీచ్డ్, కాల్డ్, వాజ్: మూడు. అతుకులు వెన్, బికాజ్: రెండు. లెక్క సరిపోయింది, వాక్యం నిలబడింది.

ఈ లెక్క తప్పేది కొన్ని చోట్లే, వాటిని ముందే తెలుసుకోండి. ‘టు గో’, ఒంటరి ‘గోయింగ్’, ముందు సహాయక క్రియ లేని ‘బ్రోకెన్’ లాంటివి కాలం చూపవు కాబట్టి లెక్కలోకి రావు. “ఐ థింక్ హీ ఈజ్ రైట్”, “ద బస్ ఐ మిస్డ్ వాజ్ ద లాస్ట్ వన్” – వీటిలో ‘దట్’ కనిపించకుండా ఉంది, దాన్నీ లెక్కపెట్టాలి. “ఆఫ్టర్ ద ఎగ్జామ్” అన్నప్పుడు ‘ఆఫ్టర్’ వెనక క్రియ లేదు, నామం మాత్రమే ఉంది. అది అతుకు కాదు. “దట్ బస్” అన్నప్పటి ‘దట్’ కూడా అంతే. “హీ కేమ్, శాట్ అండ్ స్పోక్” లాంటి వరసలో మధ్య కామాను ఒక అతుకుగా తీసుకోవచ్చు. “కమ్ హియర్” లాంటి ఆజ్ఞల్లో కర్త ‘యూ’ దాగి ఉంటుంది.

అతుకు తక్కువైతే ఒక రకం జబ్బు, ఎక్కువైతే ఇంకో రకం. లెక్క సరిపోయినా వాక్యం బాగోలేదంటే క్రమంలోనో కాలంలోనో తేడా ఉంది.

వాక్యం సగంలో ఆగిపోయినట్టుంది

“హీ డిడ్ నాట్ కమ్ టు కాలేజ్. బికాజ్ హీ హ్యాడ్ ఫీవర్.” రెండో దాంట్లో ఒక క్రియ, ఒక అతుకు ఉన్నాయి. లెక్క ప్రకారం ఒక క్రియకు అతుకు ఉండకూడదు. ఉందంటే ఆ ముక్క పక్కవాక్యం కోసం ఎదురుచూస్తున్నట్టే.

తెలుగులో “అతను కాలేజీకి రాలేదు. ఎందుకంటే జ్వరం వచ్చింది” అని రెండు వాక్యాలుగా రాయడం పూర్తిగా సహజం. మన ‘ఎందుకంటే’ కొత్త వాక్యాన్ని మొదలుపెట్టగలదు. బికాజ్ అలా కాదు, తన ముక్కను పక్కముక్కకు కట్టి తీరాలి. ఫుల్‌స్టాప్ తీసేస్తే చాలు: “హీ డిడ్ నాట్ కమ్ టు కాలేజ్ బికాజ్ హీ హ్యాడ్ ఫీవర్.” బికాజ్ ముందు కామా కూడా సాధారణంగా అక్కర్లేదు. అదే ముక్క ముందుకు వస్తే మాత్రం మధ్యలో కామా పెట్టాలి: “బికాజ్ హీ హ్యాడ్ ఫీవర్, హీ డిడ్ నాట్ కమ్.”

ఇలాగే ‘విచ్’తో మొదలుపెట్టి “విచ్ ఈజ్ వెరీ యూజ్‌ఫుల్.” అని విడిగా వదిలేయడం, ‘సచ్ ఆజ్’, ‘ఎస్పెషల్లీ’ ముక్కల్ని వాక్యాలుగా రాయడం కూడా ఇదే కోవ. ఎవరో “వై ఆర్ యూ లేట్?” అని అడిగితే “బికాజ్ ఐ మిస్డ్ ద బస్” అనడం మాటల్లో తప్పేమీ కాదు. జవాబు పత్రంలో మాత్రం అది సగం వాక్యమే.

ఒక పనికి రెండు అతుకులు

“ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వుయ్ వెంట్ టు కైలాసగిరి.” “బికాజ్ ద రోడ్ వాజ్ బ్లాక్డ్, సో ఐ కేమ్ లేట్.” మన ప్రాంతంలో వినిపించే క్లాజు తప్పుల్లో ముందుండేవి ఇవే. క్రియలు రెండు, అతుకులూ రెండు. ఒకటి ఎక్కువ.

“రోడ్డు మూసేశారు కాబట్టి ఆలస్యమైంది.” ఈ తెలుగు వాక్యంలో అతుకు సరిగ్గా మధ్యలో ఉంది. విద్యార్థి బడిలో నేర్చుకున్న బికాజ్‌ను ముందు పెడతాడు. తర్వాత వాక్యం మధ్యకు వచ్చేసరికి, తెలుగులో ‘కాబట్టి’ ఉండే ఆ చోటు ఖాళీగా అనిపిస్తుంది. అక్కడ సో పడిపోతుంది. ‘అయినా’, ‘కానీ’ల స్థానంలో బట్ పడేదీ అలాగే.

ఒకదాన్ని కొట్టేయండి, ఏదైనా ఫర్వాలేదు. “ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, వుయ్ వెంట్.” లేదా “ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వుయ్ వెంట్.” పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ‘దో... యెట్’ అనే పాత జంటను వ్యాకరణ పుస్తకాలు, పరీక్షలు ఒప్పుకుంటాయి. ‘దో... బట్’ను ఎవరూ ఒప్పుకోరు. ‘ఇఫ్... దెన్’ తప్పు కాదు గానీ మామూలు వాక్యాల్లో ఆ దెన్ లేకపోతేనే బాగుంటుంది.

“ద రీజన్ ఈజ్ బికాజ్...” కూడా ఇంచుమించు ఈ జాతిదే. కారణం అనే అర్థం రెండుసార్లు వచ్చింది. “ద రీజన్ ఈజ్ దట్...” అని రాయండి.

కామాతో నెట్టుకొచ్చిన వాక్యం

“ద బీచ్ వాజ్ క్రౌడెడ్, వుయ్ వెంట్ టు భీమిలి, వుయ్ హ్యాడ్ లంచ్ దేర్.” మూడు క్రియలు, అతుకు ఒక్కటీ లేదు. చివర అండ్ ఉన్న వరసలో తప్ప, రెండు పూర్తి క్లాజులను కలిపే బలం ఇంగ్లీషులో కామాకు లేదు.

తెలుగులో “జనం ఎక్కువగా ఉండి, భీమిలి వెళ్ళి, అక్కడే భోంచేశాం” అంటే కామాలు అక్కడ ఊపిరి కోసమే. కలిపే పని ‘ఉండి’, ‘వెళ్ళి’ చేసేస్తున్నాయి. ఇంగ్లీషులో ఆ పని చేసే ప్రత్యయం లేకపోగా కామా మాత్రం మిగిలింది.

సరిచేయడానికి దారులు నాలుగు: ఫుల్‌స్టాప్, సెమీకోలన్, కామాతోపాటు ఒక సమానతా సముచ్చయం (రెండు ముక్కల్ని సమాన హోదాతో కలిపే అతుకు), లేదా ఒక ముక్కను సబార్డినేట్ క్లాజ్‌గా (సిన్స్, బికాజ్ లాంటి అతుకుతో ఇంకో ముక్క మీద ఆధారపడేదిగా) మార్చడం. మూడో దారిలో వాడదగినవి ఏడే: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. మంచి రాతకు నాలుగో దారి ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే రెండు సంగతుల మధ్య సంబంధం ఏమిటో అదే చెప్తుంది: “సిన్స్ ద బీచ్ వాజ్ క్రౌడెడ్, వుయ్ వెంట్ టు భీమిలి అండ్ హ్యాడ్ లంచ్ దేర్.”

బాగా చదువుకున్నవాళ్ళు కూడా జారేది హౌఎవర్, దేర్‌ఫోర్ దగ్గర. “ద సర్వర్ వాజ్ డౌన్, దేర్‌ఫోర్ వుయ్ కుడ్ నాట్ లాగిన్.” దేర్‌ఫోర్ అర్థంలో ‘కాబట్టి’ లాంటిదే గానీ, వ్యాకరణంలో అడ్వర్బ్. దానికి అతికే శక్తి లేదు. దాని ముందు సెమీకోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ ఉండాలి, వెనక కామా ఉండాలి. ఆఫీసు మెయిళ్ళలో ఈ ఒక్క సవరణ చేసుకుంటే రాత చాలా తేటపడుతుంది.

పని ఒకరిది, క్రియ ఇంకొకరికి అంటుకుంది

“వాకింగ్ ఆన్ ఆర్కే బీచ్, ద వేవ్స్ టచ్డ్ మై ఫీట్.” చదివితే అలలు బీచ్‌లో నడుస్తున్నట్టుంది.

పదో తరగతి తెలుగులో సంశ్లిష్ట వాక్యం అని చెప్తారు: “సీత అన్నం తిని బడికి వెళ్ళింది.” ఇంగ్లీషు పీరియడ్‌లో కాంప్లెక్స్ సెంటెన్స్ అని చెప్తారు. రెండూ ఒకటే అని పిల్లలు మనసులో జత కట్టుకుంటారు. అవి ఒకటి కావు. “హ్యావింగ్ ఈటెన్, సీత వెంట్ టు స్కూల్” ఇంగ్లీషు బడి వ్యాకరణంలో సింపుల్ సెంటెన్స్, ఎందుకంటే కాలం చూపే క్రియ ఒక్కటే ఉంది. ‘హ్యావింగ్ ఈటెన్’కు సొంత కర్త లేదు, ప్రధాన వాక్యం కర్తనే అరువు తెచ్చుకుంటుంది. అందుకే రెండు పనులకూ కర్త ఒకరే అయి తీరాలి.

దీనికి తెలుగులోనే ఒక మంచి గుర్తు ఉంది. మీరు మనసులో అనుకున్న వాక్యంలో ‘నడుస్తూ’ ఉంటే కర్త ఒక్కరే, ‘వాకింగ్’ వాడొచ్చు. ‘నడుస్తుంటే’, ‘నడుస్తుండగా’ ఉంటే దాదాపు ఎప్పుడూ కర్తలు వేరు, పూర్తి క్లాజ్ రాయాల్సిందే: “ఆజ్ ఐ వాజ్ వాకింగ్ ఆన్ ఆర్కే బీచ్, ద వేవ్స్ టచ్డ్ మై ఫీట్.” ‘నడిచి’, ‘పడి’ లాంటి రూపాల్ని మాత్రం ఒకసారి సరిచూసుకోండి. “వానలు పడి చెరువులు నిండాయి” అన్నప్పుడు కర్తలు రెండు. ‘హ్యావింగ్’తో మొదలుపెట్టి చెరువులకు అంటగట్టకుండా “ఆజ్ ఇట్ రెయిన్డ్ హెవీలీ, ద ట్యాంక్స్ ఫిల్డ్ అప్” అని రాయాలి.

హూ, విచ్, దట్ దగ్గర చిక్కుముడి

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పట్టాల్సిన భాగం ఇదే, ఎందుకంటే తెలుగుకూ ఇంగ్లీషుకూ ఇక్కడున్నంత దూరం ఇంకెక్కడా లేదు.

“నిన్న వచ్చిన ఆయన”, “నేను ఎక్కిన బస్సు”, “నేను కూర్చున్న కుర్చీ”, “నేను డబ్బులిచ్చిన అబ్బాయి”, “మేముంటున్న ఇల్లు”. క్రియాజన్య విశేషణం ఒక్కటి పెడితే చాలు, అంతా నామానికి ముందే సర్దుకుంటుంది. హూ లాంటి మాట అక్కర్లేదు. కుర్చీ‘లో’, అబ్బాయి‘కి’ అనే విభక్తులు కూడా మాయమవుతాయి. ఇంగ్లీషులో అదంతా నామం వెనక్కి వెళ్ళాలి, హూ, విచ్, దట్ లాంటి ఒక రిలేటివ్ ప్రొనౌన్ కావాలి, మాయమైన విభక్తి ప్రిపొజిషన్ రూపంలో తిరిగి రావాలి. ఈ మూడింటిలో ఒకటి మరిచిపోతే ఒక్కో రకం తప్పు పుడుతుంది.

“ద మ్యాన్ కేమ్ యెస్టర్డే ఈజ్ మై అంకుల్.” రిలేటివ్ ప్రొనౌన్ లేదు. రెండు క్రియలకు అతుకు సున్నా అని లెక్కే పట్టిస్తుంది. హూ చేర్చాలి. హూ, విచ్, దట్ వెనక ఇంకో కర్త ఉన్నప్పుడే వాటిని వదిలేయొచ్చు: “ద మ్యాన్ ఐ మెట్” సరే, “ద మ్యాన్ కేమ్” కుదరదు.

“ద బస్ విచ్ ఐ కాట్ ఇట్ వాజ్ లేట్.” విచ్ ఇప్పటికే బస్సు స్థానంలో ఉంది, మళ్ళీ ఇట్ ఎందుకు? కొట్టేయండి.

“ద చైర్ విచ్ ఐ శాట్ ఈజ్ బ్రోకెన్.” ప్రిపొజిషన్ పోయింది. దీన్ని ఊహతో సరిచేయబోతే మళ్ళీ తప్పుతుంది. రెండు చిన్న వాక్యాలుగా విడగొట్టండి: “ద చైర్ ఈజ్ బ్రోకెన్. ఐ శాట్ ఆన్ ద చైర్.” రెండోదాంట్లో ‘ద చైర్’ తీసి విచ్ పెట్టండి. ‘ఆన్ విచ్’ను ముందుకు లాగండి. మొదటి వాక్యంలో ‘ద చైర్’ పక్కనే దింపండి: “ద చైర్ ఆన్ విచ్ ఐ శాట్ ఈజ్ బ్రోకెన్.” మాట్లాడేటప్పుడు ఆన్‌ను చివర వదిలేయొచ్చు: “ద చైర్ ఐ శాట్ ఆన్”. కానీ ‘ఆన్ దట్’ అని మాత్రం ఎప్పుడూ రాదు. మనిషి అయితే ‘టు హూమ్’: “ద బాయ్ టు హూమ్ ఐ గేవ్ ద మనీ”. మొదట్లో పది వాక్యాలు ఇలా విడగొట్టి కలిపితే చేయి తిరుగుతుంది.

వేర్ సంగతి కూడా ఈ పద్ధతితోనే తేలుతుంది. “ద హౌస్ ఇన్ విచ్ వుయ్ లివ్”, “ద హౌస్ వేర్ వుయ్ లివ్” రెండూ సరే, ఎందుకంటే వేర్‌లోనే ఇన్ ఉంది. “వేర్ వుయ్ లివ్ ఇన్” అంటే ఇన్ రెండుసార్లు వచ్చింది. “అరకు ఈజ్ ఎ ప్లేస్ వేర్ ఐ విజిటెడ్” కూడా తప్పే. విడగొట్టి చూడండి: “ఐ విజిటెడ్ ద ప్లేస్”. అక్కడ ఇన్ లేదు, కాబట్టి వేర్ రాదు, విచ్ రావాలి. స్థలం పేరు కనిపించగానే వేర్ పెట్టే అలవాటు మానుకోవాలి.

“హూ వర్క్స్ హార్డ్, దే విల్ సక్సీడ్.” ఇది ‘ఎవరైతే కష్టపడతారో వాళ్ళు’ అన్న కట్టుబాటు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ముందు మనుషుల్ని చెప్పి తర్వాత వివరం చెప్పాలి: “దోజ్ హూ వర్క్ హార్డ్ విల్ సక్సీడ్.”

ఇక కామాలు. “మై బ్రదర్ హూ వర్క్స్ ఇన్ ద స్టీల్ ప్లాంట్ ఈజ్ కమింగ్” అంటే అన్నదమ్ములు ఒకరికంటే ఎక్కువ ఉన్నారు, స్టీల్ ప్లాంట్‌లో చేసే ఆయన వస్తున్నాడని. హూ ముందు, ప్లాంట్ తర్వాత కామాలు పెడితే ఒక్కడే సోదరుడు, ఉద్యోగం సంగతి అదనపు సమాచారం. అంటే కామా ఇక్కడ అర్థాన్నే మారుస్తోంది. పేరు చెప్పగానే ఏదో తెలిసిపోయే వాటికి కామాలు తప్పనిసరి: “ఆంధ్రా యూనివర్సిటీ, విచ్ వాజ్ ఎస్టాబ్లిష్డ్ ఇన్ 1926, ఈజ్ ఇన్ విశాఖపట్నం.” “ఐఎన్ఎస్ కురుసుర, విచ్ వాజ్ కమిషన్డ్ ఇన్ 1969, ఈజ్ నౌ ఎ మ్యూజియం.” ఈ రెండు కామాల మధ్య దట్ రాదు. రెండో కామా మరిచిపోవడం చాలామందికి అలవాటు. తలుపు తీసినవాళ్ళే వేయాలన్నట్టు, మొదటి కామా పెట్టగానే రెండోది ఎక్కడో చూసుకోండి.

పరీక్షల్లో అడిగే మెలిక ఒకటి: “ద ఆఫీసర్ హూ ఐ థింక్ ఈజ్ ఆనెస్ట్”. ఇక్కడ హూనా, హూమా? ‘ఐ థింక్’ను వేలితో మూసి చదవండి. మిగిలింది “హూ ఈజ్ ఆనెస్ట్”. కాబట్టి హూ. “వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హ్యావ్ పాస్డ్” లో హ్యావ్ ఎందుకంటే, హూ దాని పక్కనున్న ‘స్టూడెంట్స్’కు చెందింది. కర్తకూ ప్రధాన క్రియకూ మధ్య రిలేటివ్ క్లాజ్ దూరినప్పుడు ఏకవచన, బహువచనాలు తప్పడం కూడా మామూలే: “ద బాయ్స్ హూ స్టే ఇన్ దట్ హాస్టల్ ఈజ్...” అని హాస్టల్‌ను చూసి రాసేస్తారు. క్లాజ్‌ను మూసి చదివితే ‘ద బాయ్స్ ఆర్’ అని చెవికే తెలిసిపోతుంది.

ప్రశ్న కాని చోట ప్రశ్న క్రమం

“క్యాన్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద ఆర్టీసీ కాంప్లెక్స్?” రోజూ వినిపించేదే. మొదటి ముక్క ప్రశ్న, రెండోది నౌన్ క్లాజ్, అంటే వాక్యంలో నామం చేసే పని చేసే క్లాజ్. నౌన్ క్లాజ్‌లో మామూలు వాక్యం క్రమమే ఉండాలి, కర్త ముందు, క్రియ తర్వాత: “క్యాన్ యూ టెల్ మీ వేర్ ద ఆర్టీసీ కాంప్లెక్స్ ఈజ్?”

తెలుగులో “ఎక్కడుంది?” అనే ప్రశ్నను “ఎక్కడుందో చెప్తారా” అని వాక్యంలో ఇముడ్చుకోవడానికి ఒక ‘ఓ’ చాలు, మాటల క్రమం కదలదు. ఇంగ్లీషులో ‘ఓ’ చేసే పనిని క్రమం చేస్తుంది. సవరణ ఇలా: కర్త ముందున్న ఈజ్, వాజ్, విల్, క్యాన్ లాంటి వాటిని కర్త వెనక్కి నెట్టండి. డూ, డజ్, డిడ్ అయితే తీసేసి ఆ కాలాన్ని అసలు క్రియకు ఇవ్వండి. “ఐ డోంట్ నో వాట్ డిడ్ హీ సే” కాస్తా “ఐ డోంట్ నో వాట్ హీ సెడ్” అవుతుంది. ప్రశ్న మాటే కర్త అయితే మార్చడానికి ఏమీ లేదు: “ఐ నో హూ కేమ్”, “టెల్ మీ వాట్ హ్యాపెన్డ్”.

“హీ ఆస్క్డ్ దట్ వేర్ ఐ లివ్డ్” లో దట్ అదనం. వేర్ తానే అతుకు. ‘వస్తాడో రాడో’ రకానికి వెదర్ గానీ ఇఫ్ గానీ వాడాలి.

నేను వస్తానన్నాడు: ఎవరు నేను?

“రవి నేను రేపు వస్తానని చెప్పాడు.” దీన్ని “రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో” అని రాస్తే, వచ్చేది రవి కాదు, రాస్తున్న మీరు. తెలుగులో ‘అని’కి ముందు అన్న మాటను అన్నట్టే ఉంచుతాం. ‘తను వస్తానన్నాడు’ అన్నా క్రియ మాత్రం ఉత్తమ పురుషలోనే ఉంటుంది. దట్ అలా ఉంచనివ్వదు, చెప్తున్నవాళ్ళ వైపు నుంచి అంతా మార్చమంటుంది: “రవి సెడ్ దట్ హీ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే.” మనిషి, కాలం, రోజు మూడూ మారాయో లేదో వరసగా చూసుకోండి.

సెడ్, టోల్డ్ తేడా కూడా ఇక్కడే దొరుకుతుంది. టోల్డ్ పక్కన వినేవాళ్ళు వెంటనే రావాలి: “షీ టోల్డ్ మీ దట్...”. సెడ్ పక్కన నేరుగా రాకూడదు: “షీ సెడ్ దట్...”. “షీ సెడ్ మీ” అనేది ఎక్కడా లేదు. చేయమని చెప్పినప్పుడు క్లాజే అక్కర్లేదు: “షీ టోల్డ్ మీ టు వెయిట్.”

విల్ ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు పోవాలి

“వెన్ ఐ విల్ రీచ్ గాజువాక, ఐ విల్ కాల్ యూ.” ‘చేరగానే’, ‘చేరితే’ రూపాల్లో కాలం లేదు. విద్యార్థి నిజంగా జరగబోయే కాలాన్ని ఆలోచించి విల్ పెడతాడు. తర్కం బాగానే ఉంది గానీ, సమయం, షరతు చెప్పే అడ్వర్బ్ క్లాజుల్లో ఇంగ్లీషు వర్తమానాన్నే వాడుతుంది: “వెన్ ఐ రీచ్ గాజువాక, ఐ విల్ కాల్ యూ.” ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, ఆజ్ సూన్ ఆజ్, ఇఫ్, అన్‌లెస్ అన్నిటికీ ఇదే.

ఈ నియమం నేర్చుకున్నాక కొత్త తప్పు మొదలవుతుంది. “ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్” లో కూడా విల్ కొట్టేస్తారు. అక్కడ వెన్ నౌన్ క్లాజ్‌ను తెస్తోంది, విల్ ఉండాల్సిందే. తేడా తెలుసుకోవడానికి తెలుగు వైపు చూడండి: ‘ఎప్పుడొస్తాడో’ అయితే నౌన్ క్లాజ్, విల్ ఉంచండి. ‘వచ్చినప్పుడు, వచ్చాక, రాగానే’ అయితే అడ్వర్బ్ క్లాజ్, విల్ తీయండి. ఇఫ్ కూడా అంతే. ‘వానొస్తే’ అంటే “ఇఫ్ ఇట్ రెయిన్స్”. ‘వానొస్తుందో లేదో తెలీదు’ అంటే “ఐ డోంట్ నో ఇఫ్ ఇట్ విల్ రెయిన్”.

జరగని గతం గురించి చెప్పేటప్పుడు ఇఫ్ ముక్కలో వుడ్ పెట్టకండి. ‘తెలిసుంటే వచ్చుండేవాణ్ణి’: “ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్.” అన్‌లెస్‌లో ‘రాకపోతే’లోని లేమి ఇప్పటికే ఉంది. “అన్‌లెస్ యూ డోంట్ కమ్” అంటే అర్థం తిరగబడుతుంది. “అన్‌లెస్ యూ కమ్” చాలు. జంటగా వచ్చే వాటిని బట్టీ పట్టడం తప్ప మార్గం లేదు: నో సూనర్ ఉంటే దాన్, హార్డ్లీ, స్కేర్స్‌లీ ఉంటే వెన్, లెస్ట్ ఉంటే షుడ్.

ఒక సెలవు చీటీ విప్పి చూద్దాం

“ఆజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, సో ఐ కెనాట్ కమ్ టు ఆఫీస్. డాక్టర్ టోల్డ్ దట్ టేక్ రెస్ట్ ఫర్ టూ డేస్. ఐ డోంట్ నో వెన్ విల్ ఐ రికవర్. ఇఫ్ ఐ విల్ ఫీల్ బెటర్, ఐ విల్ జాయిన్ ఆన్ మండే. ద ఫైల్ విచ్ యూ ఆస్క్డ్ ఇట్ ఈజ్ ఇన్ మై డ్రాయర్, రవి నోస్ వేర్ ఈజ్ ద కీ.”

మొదటి వాక్యంలో ఆజ్, సో రెండూ ఉన్నాయి, సో పోవాలి. రెండోది చేయమని చెప్పిన మాట, కాబట్టి టోల్డ్ పక్కన మీ, తర్వాత టు. మూడోదాంట్లో ‘ఎప్పుడు తగ్గుతుందో’ ఉంది: విల్ ఉంటుంది, కర్త వెనక్కి వెళ్తుంది. నాలుగోదాంట్లో ‘తగ్గితే’ ఉంది: మొదటి విల్ పోతుంది. చివరి వాక్యంలో తప్పులు నాలుగు. ఇట్ అదనం. “యూ ఆస్క్డ్ ఫర్ ద ఫైల్” లోని ఫర్ జారిపోయింది. కామా అతకలేని చోట అతకడానికి చూస్తోంది. వేర్ తర్వాత క్రమం ప్రశ్నలా ఉంది.

“ఆజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ కెనాట్ కమ్ టు ఆఫీస్. ద డాక్టర్ టోల్డ్ మీ టు టేక్ రెస్ట్ ఫర్ టూ డేస్. ఐ డోంట్ నో వెన్ ఐ విల్ రికవర్. ఇఫ్ ఐ ఫీల్ బెటర్, ఐ విల్ జాయిన్ ఆన్ మండే. ద ఫైల్ విచ్ యూ ఆస్క్డ్ ఫర్ ఈజ్ ఇన్ మై డ్రాయర్, అండ్ రవి నోస్ వేర్ ద కీ ఈజ్.”

చివరి వాక్యంలో క్రియలు ఆస్క్డ్, ఈజ్, నోస్, ఈజ్: నాలుగు. అతుకులు విచ్, అండ్, వేర్: మూడు. ఇక పంపించేయొచ్చు.